కారు ఎవరు నడిపారో తేలనప్పుడు స్పీడింగ్ నోటీసుకు జవాబు: బ్రిటన్‌లోని తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెడింగ్‌లో ఉండే కుటుంబం శనివారం లేక్ డిస్ట్రిక్ట్ వెళ్ళి ఆదివారం తిరిగొచ్చింది. కారు భర్త పేరు మీద ఉంది. బీమాలో భార్య, బావమరిది పేర్లు కూడా ఉన్నాయి. రానూపోనూ ముగ్గురూ మార్చి మార్చి నడిపారు. తొమ్మిది రోజుల తర్వాత పోలీసుల కవరు వచ్చింది. ఎం6 మోటర్‌వే మీద 50 మైళ్ళ పరిమితి ఉన్నచోట, ఆదివారం సాయంత్రం 4:52కి, ఆ కారు గంటకు 61 మైళ్ళ వేగంతో వెళ్ళిందట. ఆ నిమిషాన స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది? ముగ్గురికీ గుర్తులేదు.

మన దగ్గర కెమెరా చలానా బండి నంబరు మీద పడుతుంది. ఎవరో ఒకరు ఫోన్లో డబ్బు కట్టేస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. అదే అలవాటుతో ఇక్కడా ‘ఎవరైతే ఏంటి, నా పేరు రాసేస్తా’ అనుకునేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ అది ప్రమాదకరం. బ్రిటన్‌లో పెనాల్టీ పాయింట్లు పడేది మనిషి లైసెన్సు మీద. అందుకే పోలీసులు ముందు డబ్బు అడగరు, పేరు అడుగుతారు. ఆ ప్రశ్నకు ఇచ్చే జవాబు మీదే మిగతా కథంతా నడుస్తుంది. ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్, వేల్స్ పద్ధతి. స్కాట్లాండ్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో కోర్టు దారి వేరు.

కవరులో ఉన్నవి రెండు

చాలామంది ఒకే నోటీసు అనుకుంటారు గానీ సాధారణంగా అందులో రెండు విషయాలు కలిసి ఉంటాయి. మొదటిది ‘మీ మీద కేసు పెట్టే ఆలోచనలో ఉన్నాం’ అని చెప్పే ఎన్‌ఐపీ. రెండోది రోడ్ ట్రాఫిక్ యాక్ట్ 1988, సెక్షన్ 172 కింద డ్రైవరు పేరు చెప్పమనే ఆదేశం. రెండింటి గడువులూ వేరు. వీటిని కలిపేసుకోవడంతోనే ఎక్కువమంది దెబ్బతింటారు.

ఎన్‌ఐపీకి 14 రోజుల నియమం ఉంది. నేరం జరిగిన రోజును వదిలేసి లెక్కపెడితే 14 రోజుల్లోపు అది రిజిస్టర్డ్ కీపర్‌కు, అంటే కారు ఎవరి పేరున నమోదై ఉందో వాళ్ళకు, చేరాలి. ఫస్ట్ క్లాస్ పోస్టులో పంపితే, కాదని మీరు రుజువు చేయనంతవరకు, రెండో పనిదినానికి చేరినట్టే లెక్క. ఈ నియమం మొదటి నోటీసుకే వర్తిస్తుంది. కారు లీజుదైతే మొదటి కాగితం లీజు కంపెనీకి వెళ్తుంది. వాళ్ళు మీ పేరు చెప్పాక మీకు వచ్చేదానికి 14 రోజుల లెక్క లేదు. పీసీపీలో, అంటే నెలనెలా కట్టే ఫైనాన్సు ఒప్పందం మీద, కొన్న కారుకు మాత్రం మామూలుగా మీరే కీపర్. కారు రిజిస్ట్రేషన్ కాగితమైన వీ5సీ పుస్తకంలో పాత చిరునామా ఉండి నోటీసు అక్కడికి పోతే ఆ తప్పు మీ ఖాతాలోకే వస్తుంది. రోడ్డు మీద పోలీసు ఆపి అప్పుడే నోటిమాటగా హెచ్చరించి ఉంటే ఎన్‌ఐపీ అక్కర్లేదు.

నోటీసు నిజంగా ఆలస్యమైతే స్పీడింగ్ కేసుకు అది గట్టి సమాధానమే. సెక్షన్ 172కు మాత్రం కాదు. ఎన్‌ఐపీ ఆలస్యమైనా డ్రైవరు పేరు చెప్పే బాధ్యత పోదు. ‘లేటుగా వచ్చింది కదా’ అని కాగితం చెత్తబుట్టలో వేసినవాళ్ళు స్పీడింగ్ నుంచి తప్పించుకుని, అంతకంటే పెద్దదానిలో ఇరుక్కుంటారు.

ఆ పెద్దది ఎంత పెద్దదో అంకెల్లో చూడండి. 50 పరిమితిలో 61 అంటే సాధారణంగా స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు ఇస్తారు. గత మూడేళ్ళలో జరిగిన నేరానికి కోర్సు చేసి ఉండకపోతే చాలు. కోర్సు ఫీజు కట్టి కూర్చుంటే పాయింట్లే ఉండవు. కోర్సు దొరకకపోతే 100 పౌండ్లు, 3 పాయింట్లు. సెక్షన్ 172 కింద దోషిగా తేలితే 6 పాయింట్లు, 1,000 పౌండ్ల వరకు జరిమానా, దాని మీద సర్‌చార్జి, ప్రాసిక్యూషన్ ఖర్చులు. లైసెన్సు మీద ఎంఎస్90 అనే కోడు నాలుగేళ్ళు ఉంటుంది. బీమా కంపెనీలకు ఆ కోడు కనిపిస్తే ప్రీమియం బాగా పెరుగుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఇండియా లైసెన్సుతో ఇక్కడ నివాసం మొదలైన 12 నెలలే నడపొచ్చు. ఆ తర్వాత ఇక్కడి టెస్టు పాసవ్వాలి. పాసైన రెండేళ్ళలోపు 6 పాయింట్లు వస్తే లైసెన్సు రద్దవుతుంది. మళ్ళీ ప్రొవిజనల్, మళ్ళీ థియరీ, మళ్ళీ ప్రాక్టికల్. స్పీడింగ్ ఒక్కటే అయితే 3 పాయింట్లతో బయటపడే కొత్త డ్రైవరు, జవాబు పంపని పాపానికి ఒక్క దెబ్బతో లైసెన్సు పోగొట్టుకోవచ్చు.

‘గుర్తులేదు’ అనేది జవాబు కాదు

సెక్షన్ 172లోని ఉపసెక్షన్ 4 ఒక దారి ఇచ్చింది. డ్రైవరు ఎవరో తనకు తెలియదని, తగినంత శ్రద్ధతో ప్రయత్నించినా తెలుసుకోలేకపోయానని కీపర్ రుజువు చేస్తే అతను దోషి కాడు. రుజువు భారం కీపర్‌దే. అందులో రెండు ముక్కలున్నాయి. తెలియకపోవడం ఒకటి, తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నం ఇంకొకటి. మొదటిది ఎవరైనా చెప్పగలరు. కోర్టు తూకం వేసేది రెండోదాన్ని. కాబట్టి మీ కేసు బలమంతా నోటీసు వచ్చిన తర్వాతి 28 రోజుల్లో, అంటే డ్రైవరు పేరు చెప్పడానికి ఇచ్చే గడువులో, మీరు చేసిన పనిలో, దాన్ని రాసిపెట్టుకున్న తీరులో ఉంటుంది.

మౌనంగా ఉండే హక్కు ఉంది కదా అనే వాదన ఎప్పుడో వీగిపోయింది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2007లో దాన్ని తోసిపుచ్చింది.

మొదటి రోజు నుంచి ఏం చేయాలి

కవరు తెరిచిన రోజే ఒక నోటుబుక్కు తీయండి. కవరు వచ్చిన తేదీ రాయండి, కవరు కూడా దాచండి. నోటీసు తేదీ నుంచి 28వ రోజును క్యాలెండరులో గుర్తుపెట్టి, 21వ రోజును మీ సొంత గడువుగా పెట్టుకోండి. ఇక మీదట ఏ ఆధారం వెతికినా తేదీ, ఏం చూశాం, ఏం దొరికింది అని మూడు మాటలు రాయాలి. ఏమీ దొరకకపోయినా రాయాలి. రేపు కోర్టులో పనికొచ్చేది ఈ చిట్టానే.

అదే రోజు ఫోటోలు అడగండి. చాలా పోలీసు బలగాల వెబ్‌సైట్లలో నోటీసు నంబరు కొడితే కనిపిస్తాయి, లేదంటే ఈమెయిల్ చేయొచ్చు. ‘డ్రైవర్ని గుర్తించడానికి సాయంగా’ అని అడగండి, ‘సాక్ష్యం చూపించండి’ అని కాదు. కేసు కోర్టుకు వెళ్ళకముందే సాక్ష్యం చూపించాల్సిన బాధ్యత వాళ్ళకు లేదు. గుర్తించడానికి అంటే సాధారణంగా ఇస్తారు. ఫోటో మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. గాట్సో రకం కెమెరాలు వెనకనుంచి తీస్తాయి, డిక్కీ తప్ప ఏమీ కనబడదు. సగటు వేగం కొలిచేవాటిలో కొన్ని, మొబైల్ వ్యాన్లలో కొన్ని ముందునుంచి తీస్తాయి, అయినా అద్దం మెరుపులో ముఖం తెలియడం అరుదు. పక్క సీటులో ఎవరో ఉన్నారని తెలిసినా అదొక సమాచారమే. ఫోటో కోసం ఎదురుచూస్తున్నంత మాత్రాన 28 రోజుల గడియారం ఆగదు.

తర్వాత కెమెరా ఉన్న చోటు, కారు వెళ్తున్న దిశ మ్యాపులో పెట్టండి. దానికి ముందు ఆగిన చివరి చోటు ఏది, తర్వాత ఆగిన మొదటి చోటు ఏది? డ్రైవరు మారేది కారు ఆగినప్పుడే కదా. ఆ రెండు ఆగడాల మధ్య నడిపింది ఒక్కరే. అంటే ‘4:52కి ఎవరు?’ అనే ప్రశ్న ‘కీల్ సర్వీసెస్ (ఎం6 మీద ఆగే చోటు) నుంచి బయల్దేరినప్పుడు స్టీరింగ్ ముందు ఎవరు ఎక్కారు?’ అనే ప్రశ్నగా మారుతుంది. ఇది కాస్త సులభం. మనుషులకు నిమిషాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి.

ఇప్పుడు ఆధారాలు. మన ఉదాహరణలో కీల్ దగ్గర టీ బిల్లు 4:15ది, కార్డు భార్యది. దీంతో డ్రైవరు తేలడు గానీ కారు ఎక్కడ ఆగిందో ఖాయమైంది. బ్యాంకు యాప్‌లో తేదీ ఒకట్రెండు రోజులు వెనకా ముందూ పడొచ్చు, కాగితం బిల్లు ఉంటే దాని మీది సమయాన్నే నమ్మండి. భార్య ఫోనులో సరిగ్గా 4:40కి, కారు ముందు అద్దంలోంచి తీసిన వాన ఫోటో ఉంది. ఎడమ సీటు కోణం నుంచి తీసింది. ఇక్కడ డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఆవిడ నడపలేదు. బావమరిది 4:50కి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో నాలుగు లైన్ల మెసేజ్ పెట్టాడు. అతనూ నడపలేదు. మిగిలింది భర్త. అరగంట వెతికితే ముడి వీడింది.

అన్ని కేసులూ ఇంత తేలిగ్గా తేలవు. వెతకాల్సిన చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఇప్పుడు ఎవరి ఫోనులో వాళ్ళదే ఉంటుంది, కాబట్టి అందరి ఫోన్లూ చూడాలి. అది కారు ఎక్కడుందో చెబుతుంది, ఎవరు నడిపారో చెప్పదు, అందరూ ఒకే కారులో ఉంటే దాని విలువ తక్కువ. ఒకరు మధ్యలో దిగిపోయి ఉంటే విలువ ఎక్కువ. కారు యాప్‌లో ట్రిప్పుల చిట్టా, బ్లూటూత్‌కు కనెక్టయిన ఫోను, డ్యాష్‌క్యామ్‌లో రికార్డయిన గొంతులు, ఇంటి డోర్‌బెల్ కెమెరాలో ఏ వైపు తలుపు ఎవరు తీశారో, ఎం6 టోల్ రసీదు, పార్కింగ్ యాప్, పెట్రోలు బిల్లు, ఆఫీసు షిఫ్టు పట్టిక, ఆ రోజు రైలెక్కి ఉంటే కాంటాక్ట్‌లెస్ ప్రయాణాల జాబితా. కాల్ లిస్టుతో జాగ్రత్త. హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతూ నడిపే వీలుంది కనుక కాల్ ఒక్కటీ ఎవరినీ తప్పించదు. పొడుగాటి మెసేజ్ దానికంటే నయం. అదైనా గొంతుతో చెప్పి పంపింది కాదని చూసుకోవాలి.

ఆ రోజు కారు ముట్టుకునే అవకాశం ఉన్న ప్రతి ఒక్కరినీ అడగండి, అదీ రాతపూర్వకంగా. ఒక మెసేజ్ పెట్టి జవాబు మెసేజ్‌గానే తీసుకోండి. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నది కోర్టులో ‘వాళ్ళు వాళ్ళు కూడబలుక్కున్నారు’ అన్నట్టు వినిపిస్తుంది.

జవాబు ఎలా రాయాలి

డ్రైవరు తేలిపోతే ఫారంలో ఆ పేరు, పూర్తి చిరునామా, పుట్టినతేదీ, లైసెన్సు నంబరు రాసి, సంతకం చేసి పంపండి. సంతకం లేని ఫారం జవాబు ఇవ్వనట్టే. అది మీరే అయితే కోర్సు కాగితం మీకు వస్తుంది, వేరొకరైతే వాళ్ళ పేరున కొత్త నోటీసు వెళ్తుంది.

పూర్తిగా తేలకపోయినా ఆధారాలన్నీ ఒకరివైపే మొగ్గితే, ఆ వ్యక్తే నడిపారని మీరు నిజంగా నమ్మితే, ఆ పేరే చెప్పండి. ఎందుకు నమ్ముతున్నారో ఒక ఉత్తరంలో జతచేయండి. నిజాయితీగా నమ్మి చెప్పడం వేరు, బొమ్మా బొరుసూ వేసి ఒక పేరు రాయడం వేరు.

ఎటూ తేలకపోతే ఫారం ఖాళీగా పంపకండి. ‘భార్య లేదా భర్త’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఇద్దరి పేర్లతో రెండు ఫారాలు పంపకండి. ఫారంలో నింపగలిగింది నింపి, సంతకం పెట్టి, ఇంగ్లీషులో ఒక ఉత్తరం జతచేయండి. అందులో నోటీసు నంబరు, నడిపి ఉండగల ప్రతి ఒక్కరి పేరు, చిరునామా, పుట్టినతేదీ, లైసెన్సు నంబరు, ప్రయాణం వివరం, ఎక్కడెక్కడ డ్రైవర్లు మారారని గుర్తుందో, తేదీలవారీగా మీరు చేసిన వెతుకులాట, దేనిలో ఏం దొరికింది, అయినా ఎందుకు తేలలేదు అన్నవి ఉండాలి. ఇంకా ఏ సమాచారం కావాలన్నా ఇస్తానని రాయండి. పేర్లు దాచకపోవడం ముఖ్యం. దాచినట్టు కనబడితే మీ శ్రద్ధ మీద నమ్మకం పోతుంది.

ప్రతి కాగితానికీ కాపీ తీసుకోండి. పోస్టాఫీసు కౌంటరులో సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. ఆన్‌లైన్‌లో పంపితే చివరి పేజీ స్క్రీన్‌షాట్ తీయండి.

ఈ ఉత్తరంతో పోలీసులు తృప్తిపడతారన్న హామీ లేదు. కొన్నిసార్లు మళ్ళీ గుర్తుచేస్తూ నోటీసు పంపుతారు, కొన్నిసార్లు మీరు చెప్పిన మిగతావాళ్ళకు విడిగా సెక్షన్ 172 కాగితాలు పంపుతారు. వాళ్ళు తమకు తెలిసింది చెప్పాలి. కొన్నిసార్లు మీ మీద కేసు పెడతారు. ఆ ఉత్తరం పోలీసులను ఒప్పించడానికే కాదు, మేజిస్ట్రేట్ల కోసం కూడా.

చేయకూడని పని

పాయింట్లు లేని బంధువు పేరు రాయడం, ఇండియాకు తిరిగి వెళ్ళిపోయిన స్నేహితుడి పేరు రాయడం, డబ్బిచ్చి ఎవరో పాయింట్లు మోసేలా చూడటం. ‘ఇదంతా మామూలే, అందరూ చేసేదే’ అని మనవాళ్ళ గ్రూపుల్లో సలహా ఇచ్చేవాళ్ళ మాట దయచేసి వినకండి. ఇది న్యాయప్రక్రియను వక్రీకరించిన నేరం, దీనికి జైలు పడుతుంది. మంత్రిగా పనిచేసిన క్రిస్ హ్యూన్ 2003లో ఎం11 మీద వేగంగా వెళ్ళినందుకు వచ్చిన పాయింట్లను అప్పటి భార్య విక్కీ ప్రైస్ తీసుకున్నారు. పదేళ్ళ తర్వాత, 2013లో, ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలుశిక్ష పడింది. పీటర్‌బరో ఎంపీ ఫియోనా ఒనాసన్యా కారు 2017లో 30 మైళ్ళ చోట 41తో వెళ్ళింది. నోటీసుకు జవాబులో అప్పటికి రష్యాలో ఉన్న మనిషి పేరు వచ్చింది. 2019 జనవరిలో ఆమెకు మూడు నెలల జైలు, ఆ తర్వాత పదవి పోయింది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

వీసా, ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి), పౌరసత్వం దరఖాస్తులు ముందున్నవాళ్ళకు ఇది ఇంకా పెద్ద దెబ్బ. జైలుశిక్ష పడితే ఆ దరఖాస్తులు తిరస్కరణ దాకా వెళ్ళొచ్చు.

భార్య భర్త పేరు రాసి, భర్త భార్య పేరు రాయడం కూడా ఇలాంటి అనుమానానికే దారితీస్తుంది. పోలీసులు హెచ్చరికతో కూడిన ఇంటర్వ్యూకు (ఇంటర్వ్యూ అండర్ కాషన్) పిలిస్తే సొలిసిటర్ లేకుండా ఒక్క మాట మాట్లాడకండి. పోలీసు స్టేషన్లో ఆ సలహా ఉచితం.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

నిజంగానే ఇండియా నుంచి వచ్చిన నాన్నగారో మామగారో నడిపి ఉండొచ్చు. అప్పుడు ఆ పేరే రాయాలి, భయపడక్కర్లేదు. విదేశీ చిరునామా చూడగానే పోలీసులు అనుమానిస్తారు కాబట్టి ముందే విమాన టికెట్లు, పాస్‌పోర్టులో ఆ తేదీలు, లైసెన్సు కాపీ, బీమాలో పేరు చేర్చిన కాగితం జతచేయండి. చివరిది లేకపోతే వేరే చిక్కు ఉంది. బీమా లేకుండా నడపనిచ్చినందుకు కీపర్ మీద ఇంకో కేసు, 6 నుంచి 8 పాయింట్లు. అలాంటప్పుడు జవాబు పంపకముందే సొలిసిటర్‌ను కలవండి.

కారు అమ్మేసి ఉంటే కొన్నవారి పేరు, చిరునామా, అమ్మిన తేదీ, బండ్లు, లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ ఇచ్చిన ధృవీకరణ చాలు. నంబరు ప్లేటు నకిలీ అనిపిస్తే ఫోటోలో మీ కారుకు లేని తేడాలు వెతకండి: రూఫ్ రైల్స్, డీలర్ పేరున్న ప్లేటు ఫ్రేము, చక్రాల డిజైన్, స్టిక్కర్లు, సొట్టలు. పోలీసులకు ఫిర్యాదు చేసి క్రైమ్ రిఫరెన్స్ నంబరు తీసుకుని, ఆ సమయంలో మీ కారు ఎక్కడుందో ఆధారంతో పంపండి.

సొంత కంపెనీ పేరు మీద కారు ఉన్నవాళ్ళకు నియమం కఠినం. ఇంట్లో వాడే కారుకు ఎవరెప్పుడు నడిపారో పుస్తకం రాయాలనే చట్టం లేదు. కంపెనీకి అలా కాదు. రికార్డు లేకపోవడం సమంజసమేనని కంపెనీ నిరూపించుకోవాలి. ఇద్దరు డ్రైవర్లున్న చిన్న ఐటీ కంపెనీకైనా ఒక ఎక్సెల్ షీటు తప్పనిసరి.

కేసు పెడితే

సాధారణంగా సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ నోటీసు, అంటే ఒక్క మేజిస్ట్రేట్ కాగితాల మీదే తేల్చే పద్ధతి నోటీసు, వస్తుంది. జవాబుకు 21 రోజులు. అందులో తరచుగా స్పీడింగ్, సెక్షన్ 172 రెండూ ఉంటాయి. ఎవరు నడిపారో తేలలేదని మీరు నిజాయితీగా చెప్పినవారైతే రెండింటికీ ‘నాట్ గిల్టీ’ అని పెట్టండి. డ్రైవరు మీరేనని రుజువు లేనిదే స్పీడింగ్ నిలబడదు. అసలు పోరాటం 172 మీదే. భయపడి ‘గిల్టీ’ అని టిక్ పెడితే 6 పాయింట్లు నేరుగా వచ్చేస్తాయి.

ఈలోపు మీరే నడిపారని కొత్త ఆధారంతో తేలితే ఒక దారి ఉంది. విచారణ రోజు ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి, స్పీడింగ్ ఒప్పుకుంటాను, 172 వెనక్కి తీసుకోండని అడగొచ్చు. చాలాసార్లు ఒప్పుకుంటారు. మీరు నడపలేదని తెలిసి మాత్రం ఈ దారి తొక్కకూడదు.

విచారణలో మీ చిట్టా, మెసేజ్‌లు, మ్యాపు, ఉత్తరం కాపీ, పోస్టింగ్ సర్టిఫికెట్ వరుసగా కుట్టి తెచ్చుకోండి. నడిపి ఉండగల మిగతావాళ్ళు సాక్షులుగా రావాలి. వాళ్ళు రాకపోవడమే చాలా కేసుల్ని చంపేస్తుంది. మేజిస్ట్రేట్లు అడిగేవి ఊహించదగినవే. ఆ వారాంతం ఎక్కడికి వెళ్ళారు, ఎన్నిసార్లు మారారు, మామూలుగా హైవే మీద ఎవరు నడుపుతారు, నోటీసు వచ్చాక మొదట ఏం చేశారు? మీరు రుజువు చేయాల్సింది అనుమానాతీతంగా కాదు, కాకపోవడం కంటే అయ్యే అవకాశమే ఎక్కువ అనేంత మేరకు. చాలాసార్లు డ్రైవర్లు మారిన దూరప్రయాణం, లీజు కంపెనీ ద్వారా రెండు నెలల తర్వాత చేరిన నోటీసు ఉన్న కేసులు బలంగా ఉంటాయి. ఇంటి నుంచి బడికి రెండు మైళ్ళు, ఇద్దరే డ్రైవర్లు, పది రోజులకే నోటీసు అన్న కేసులో ‘తెలియదు’ అంటే నమ్మించడం కష్టం. అలాంటిది కోర్టుకు లాగకపోవడమే మంచిదని మా అభిప్రాయం.

కాగితాలేవీ అందకుండానే శిక్ష పడినట్టు తెలిస్తే, ఇల్లు మారినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది, ఆ విషయం తెలిసిన 21 రోజుల్లోపు కోర్టులో గానీ సొలిసిటర్ ముందు గానీ స్టాట్యుటరీ డిక్లరేషన్ (చట్టబద్ధమైన ప్రమాణపత్రం) ఇవ్వండి. అది అంగీకరిస్తే శిక్ష రద్దై కేసు మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పుడు ముందు చేయాల్సింది వీ5సీలోనూ, లైసెన్సులోనూ కొత్త చిరునామా పెట్టడం. లైసెన్సులో మార్చినంత మాత్రాన వీ5సీలో మారదు, రెండూ విడివిడిగా మార్చాలి.